ముందు దాని సొంత అన్‌ఇన్‌స్టాలర్, ఆ తర్వాతే చీపురు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఒక వీడియో కన్వర్టర్‌ను సెట్టింగ్స్‌లోకి వెళ్లి తీసేశారు. అయినా దాని ఫోల్డరు ప్రోగ్రామ్ ఫైల్స్‌లో అలాగే ఉంది. కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా స్క్రీన్ మూలన "కొత్త వెర్షన్ వచ్చింది" అని మెసేజ్ వస్తోంది. పోనీ మళ్లీ ఇన్‌స్టాల్ చేసి సరిగ్గా తీసేద్దామంటే "ఈ ప్రోగ్రామ్ ఇప్పటికే ఉంది" అంటోంది. విసిగిపోయి, ఏదైనా అన్‌ఇన్‌స్టాలర్ సాఫ్ట్‌వేర్ వేసి, అది చూపించే మిగులు ఫైళ్లూ, రిజిస్ట్రీ (విండోస్, ప్రోగ్రాములు తమ సెట్టింగులు రాసిపెట్టుకునే చోటు) ఎంట్రీలూ అన్నీ ఒక్క దెబ్బకి డిలీట్ చేసేయొచ్చా అని అడిగారు.

సాఫ్ట్‌వేర్ వేయండి, తప్పేం లేదు. "అన్నీ ఒక్క దెబ్బకి" అన్నారు చూడండి, అక్కడే నాకు భయం. పదిహేనేళ్లకు పైగా నలుగురి కంప్యూటర్లు చూస్తున్నాను. మిగులు ఫైళ్లు ఉండిపోయి పాడైన మిషన్ల కన్నా, వాటిని తుడవబోయి పాడుచేసుకున్నవే నా దగ్గరకి ఎక్కువ వచ్చాయి. అందుకని కాస్త ఓపిగ్గా చదవండి, పొడుగ్గానే రాస్తున్నాను.

ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. మీ ప్రోగ్రామ్‌ను ఎలా తీసేయాలో విండోస్‌కి తెలియదు. సెట్టింగ్స్‌లో కనిపించే ప్రోగ్రాముల జాబితాలో చాలా భాగం, రిజిస్ట్రీలో "అన్‌ఇన్‌స్టాల్" అనే కీ (రిజిస్ట్రీలో ఫోల్డరు లాంటిది) కింద ఉన్న చీటీల కట్ట. ఒక్కో డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు అక్కడో చీటీ పెడుతుంది: నా పేరిది, నా వెర్షనిది, నన్ను తీసేయాలంటే ఫలానా ఫైలును నడపండి అని. మీరు బటన్ నొక్కితే విండోస్ చేసేదల్లా ఆ చీటీలో రాసిన కమాండ్‌ను నడపడమే. ఎంత తుడిచిందీ ఎంత వదిలేసిందీ విండోస్ మళ్లీ వెళ్లి చూడదు. జాబితాలో పక్కన కనిపించే సైజు కూడా చాలావరకు ఇన్‌స్టాలర్ ఆ చీటీలో రాసిపెట్టిన అంచనాయే. ఐదు గిగాబైట్లు తినే ప్రోగ్రామ్ పక్కన యాభై మెగాబైట్లు అని కనిపించినా ఆశ్చర్యపోకండి.

ఇక ఆ అన్‌ఇన్‌స్టాలర్ ఏం చేస్తుందో చూద్దాం. చిన్నా పెద్దా ప్రోగ్రాములు చాలావాటిని ఇన్నో సెటప్ అనే పనిముట్టుతో ప్యాక్ చేస్తారు. అలాంటి ప్రోగ్రామ్ ఫోల్డరు తెరిస్తే "అన్‌ఇన్స్000" పేరుతో ఒక ఈఎక్స్ఈ ఫైలూ, పక్కనే అదే పేరుతో ఒక డీఏటీ ఫైలూ కనిపిస్తాయి. ఆ రెండోది చిట్టా: ఇన్‌స్టాల్ చేసిన రోజు ఏయే ఫైలు ఎక్కడ పెట్టిందో అందులో ఉంటుంది. తీసేసేటప్పుడు ఆ చిట్టా చూసుకుంటూ ఒక్కొక్కటీ తీస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, ఇన్‌స్టాల్ అయిన తర్వాత ఆ ప్రోగ్రామ్ స్వయంగా తయారుచేసుకున్నవి చిట్టాలో ఉండవు. మీరు మార్చిన సెట్టింగులు, లాగ్‌లు (చేసిన పనుల నమోదు), క్యాష్ (తాత్కాలికంగా దాచుకున్న ఫైళ్లు), అదే దింపుకున్న అప్‌డేట్లు, ఇవన్నీ లెక్కలో లేని సామాన్లు. అన్‌ఇన్‌స్టాలర్ వాటిని ముట్టుకోదు. ఫోల్డరులో చిట్టాలో లేని ఫైలు ఒక్కటున్నా ఆ ఫోల్డరును ఖాళీ చేయలేక వదిలేస్తుంది. మీ ప్రోగ్రామ్ ఫైల్స్‌లో మిగిలింది బహుశా అదే.

కొన్ని కావాలనే వదులుతారు. రేపు మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే మీ సెట్టింగులు మీకు ఉండాలని ఒక కారణం. ముప్పై రోజుల ట్రయల్‌ను మళ్లీ మళ్లీ వాడుకోకుండా గుర్తు పెట్టుకోవడం ఇంకో కారణం, ఈ రెండోది ఎవరూ పైకి చెప్పరు. ఇంకొన్ని, తీసేసే సమయానికి వాడుకలో ఉండడం వల్ల మిగులుతాయి. రైట్ క్లిక్ మెనూలో తన పేరు చేర్చుకునే ప్రోగ్రాములు ఫైల్ ఎక్స్‌ప్లోరర్ లోపల కూర్చుని ఉంటాయి. ఎక్స్‌ప్లోరర్ నడుస్తుండగా ఆ ఫైలును విండోస్ డిలీట్ చేయనివ్వదు. అందుకే "రీస్టార్ట్ చేయండి" అని అడిగితే నిజంగానే చేయాలి. తర్వాత చేద్దాంలే అని పక్కకి నెట్టేసి, వెంటనే మిగులు ఫైళ్లు వెతకడం మొదలుపెడితే రీస్టార్ట్‌లో తమంతట పోవాల్సినవి కూడా జాబితాలో కనిపించి మిమ్మల్ని కంగారుపెడతాయి.

మిగిలినవాటన్నిటినీ ఒకే గాటన కట్టకండి. నేను రెండు రకాలుగా చూస్తాను: ప్రాణం లేనివి, ప్రాణం ఉన్నవి.

ప్రాణం లేనివి అంటే ఖాళీ ఫోల్డర్లు, పాత సెట్టింగుల ఫైళ్లు, రిజిస్ట్రీలో ఆ కంపెనీ పేరుతో మిగిలిన నాలుగు కీలు. ఇవి ఎవరి జోలికీ పోవు. రిజిస్ట్రీ అనేది పుస్తకం కాదు, విండోస్ రోజూ మొదటి పేజీ నుంచి చివరి దాకా చదవడానికి. ఎవరికి ఏ కీ కావాలో నేరుగా అక్కడికే వెళ్లి చదువుకుంటారు. అడిగేవాడే లేని కీ అక్కడ పడుంటే కంప్యూటర్ నెమ్మదించదు. అవి తీసేస్తే వేగమూ పెరగదు. క్యాష్ ఫోల్డర్లు మాత్రం ఒక్కోసారి గిగాబైట్లలో ఉంటాయి, వాటిని తీస్తే డిస్క్‌లో చోటు నిజంగానే వస్తుంది.

ప్రాణం ఉన్నవి వేరు. వెనకాల నడిచే సర్వీసులు, టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టిన పనులు, కంప్యూటర్‌తో పాటే మొదలయ్యే స్టార్టప్ ఎంట్రీలు, రైట్ క్లిక్ మెనూలో చేరినవి, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు, అన్నిటికన్నా ముఖ్యంగా డ్రైవర్లు (పరికరాలను విండోస్‌తో పనిచేయించే ఫైళ్లు). మీకు రోజూ కనిపించే ఆ మెసేజ్ ఈ రెండో రకం పనే. ప్రోగ్రామ్ పోయినా దాని అప్‌డేటర్ మిగిలింది. చాలా కంపెనీలు అప్‌డేటర్‌ను విడిగా, వేరే ఫోల్డరులో పెడతాయి. ఒకే కంపెనీవి రెండు మూడు ప్రోగ్రాములుంటే అన్నిటికీ అదే అప్‌డేటర్ కాబట్టి, ఒకటి తీసేస్తే అది పోదు.

ఇప్పుడు అన్‌ఇన్‌స్టాలర్ సాఫ్ట్‌వేర్ల విషయానికి వద్దాం. వీటిలో మాయ ఏమీ లేదు. మంచివన్నీ ముందు ఆ ప్రోగ్రామ్ సొంత అన్‌ఇన్‌స్టాలర్‌నే నడుపుతాయి. అది ముగిశాక, ప్రోగ్రామ్ పేరు, కంపెనీ పేరు, ఇన్‌స్టాల్ అయిన చోటు పట్టుకుని డిస్క్‌లోనూ రిజిస్ట్రీలోనూ గాలించి "ఇవి దానివి అనుకుంటున్నాను" అని జాబితా ఇస్తాయి. అది అనుకోవడమే. పేరును బట్టి వేసిన ఊహ. నిర్ణయం మీది.

నేను వాడేవి మూడు. జీక్ అన్‌ఇన్‌స్టాలర్ ఒకే ఒక్క ఫైలు, దాన్ని ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఎక్కడైనా నడపొచ్చు. ఇంట్లో వాడుకునేవారికి నూటికి తొంభై సందర్భాల్లో అది చాలు. రెవో అన్‌ఇన్‌స్టాలర్ ఇంకాస్త వివరంగా చూస్తుంది. మొదలుపెట్టే ముందు రిస్టోర్ పాయింట్ (ఏదైనా తేడా వస్తే సిస్టమ్‌ను వెనక్కి తీసుకెళ్లే గుర్తు) తయారుచేస్తుంది, తర్వాత సేఫ్, మోడరేట్, అడ్వాన్స్‌డ్ అని మూడు స్థాయిల్లో వెతుకుతుంది. ఉచిత వెర్షన్ సరిపోతుంది. డబ్బు పెట్టి కొనే ప్రో వెర్షన్‌లో, కొత్త ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ అవుతున్నప్పుడే దాని వెంట ఉండి ఏమేం మార్చిందో రాసిపెట్టుకునే సౌకర్యం ఉంది. తర్వాత ఊహించే పని తగ్గుతుంది కాబట్టి, రోజూ ఏదో ఒకటి వేసి తీసేసేవారికి అది పనికొస్తుంది. మూడోది బల్క్ క్రాప్ అన్‌ఇన్‌స్టాలర్. పేరు మోటుగా ఉన్నా మంచి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. కొత్త ల్యాప్‌టాప్‌లో కంపెనీవాళ్లు నింపి ఇచ్చిన ఇరవై అనవసరపు ప్రోగ్రాములను వరసగా తీయడానికి దాన్ని మించింది లేదు. మిగులు ఫైళ్లలో ఒక్కోదాని పక్కన అది ఆ ప్రోగ్రామ్‌దేనని తనకు ఎంత నమ్మకమో కూడా చూపిస్తుంది. నాకు ఆ నిజాయితీ నచ్చింది.

ఏది వాడినా దాని సొంత వెబ్‌సైట్ నుంచే దింపుకోండి. "ఉచిత డౌన్‌లోడ్" సైట్ల నుంచి తెచ్చుకుంటే చెత్త తీసే సాఫ్ట్‌వేరే ఇంకో రెండు చెత్త ప్రోగ్రాములను వెంటబెట్టుకొస్తుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ప్రతి పేజీలో టిక్కులు చూసుకోండి. సొంత సైట్ అయినంత మాత్రాన పూర్తి భరోసా అనుకోవడానికి కూడా లేదు. 2017లో సీక్లీనర్ అనే చెత్త తుడిచే సాఫ్ట్‌వేర్ 5.33 వెర్షన్‌లోకి దొంగ కోడ్ చొరబడి, అసలు కంపెనీ సర్వర్ నుంచే దాదాపు 22 లక్షల 70 వేల కంప్యూటర్లకు చేరింది. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌కి అడ్మినిస్ట్రేటర్ హక్కులిచ్చి కూర్చోబెడుతున్నామని గుర్తుంచుకుంటే, ఒకటి చాలు, నాలుగు అక్కర్లేదని మీకే అనిపిస్తుంది.

పని మొదలుపెట్టే ముందు రెండు జాగ్రత్తలు. మొదటిది, రిస్టోర్ పాయింట్ ఉందో లేదో మీరే చూసుకోండి. చాలా మిషన్లలో సిస్టమ్ ప్రొటెక్షన్ ఆఫ్‌లో ఉంటుంది, ఆ సంగతి అవసరం పడిన రోజుదాకా ఎవరికీ తెలియదు. స్టార్ట్ మెనూలో "క్రియేట్ ఎ రిస్టోర్ పాయింట్" అని వెతికితే వచ్చే బాక్సులో సీ డ్రైవ్ ఎదురుగా "ఆన్" అని ఉండాలి. అయితే రిస్టోర్ పాయింట్ మీ ఫోటోలనూ డాక్యుమెంట్లనూ వెనక్కి తేదు. అది సిస్టమ్ ఫైళ్లకూ, ప్రోగ్రాములకూ, రిజిస్ట్రీకీ మాత్రమే. రెండోది, డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ అయితే ముందు లోపలికెళ్లి లైసెన్స్ డీయాక్టివేట్ చేసి, సైన్ అవుట్ అవ్వండి. రెండు కంప్యూటర్లకే అనుమతి ఉన్న లైసెన్స్‌లో ఒకటి తీసేసిన మిషన్ పేరు మీద ఉండిపోతే, తర్వాత కస్టమర్ కేర్‌తో మాట్లాడి విడిపించుకునేసరికి తల ప్రాణం తోకకు వస్తుంది.

తర్వాత ప్రోగ్రామ్‌ను పూర్తిగా మూసేయండి, గడియారం పక్కన ఐకాన్ ఉంటే అక్కడ కూడా. సొంత అన్‌ఇన్‌స్టాలర్ నడవనివ్వండి. అది "మీ సెట్టింగులు కూడా తీసేయమంటారా" అని అడిగే టిక్కు బాక్సు చాలామంది చూడకుండా దాటేస్తారు. మిగులు ఫైళ్లలో సగం ఆ ఒక్క టిక్కుతో పోతాయి. రీస్టార్ట్ అడిగితే చేసి, ఆ తర్వాతే మిగులు జాబితాకు రండి.

ఆ జాబితాను ఎలా చదవాలన్నది అసలు విద్య. రెవోలో రిజిస్ట్రీ జాబితా చెట్టులా కనిపిస్తుంది. అందులో బోల్డ్ అక్షరాల్లో ఉన్నవే అది మిగులు అనుకుంటున్నవి. మామూలు అక్షరాల్లో ఉన్నవి అక్కడిదాకా వెళ్లే దారి. అడ్వాన్స్‌డ్ స్థాయి పెడితే జాబితా పొడుగవుతుంది, ఊహలూ పెరుగుతాయి. నేను మోడరేట్ దాటి వెళ్లను. ప్రతి వరసనూ చదువుతాను. దారిలో ఆ ప్రోగ్రామ్ పేరే ఉంటే తీస్తాను. కంపెనీ పేరు మాత్రమే ఉంటే, ఆ కంపెనీది ఇంకేదైనా నా దగ్గర ఉందా అని ఆలోచిస్తాను. "మైక్రోసాఫ్ట్", "విండోస్", "కామన్ ఫైల్స్", "సిస్టమ్32" అన్న మాటలు దారిలో ఉంటే, అది నూటికి నూరు పాళ్లు దానిదేనని తెలిస్తే తప్ప ముట్టుకోను. అనుమానం వచ్చిన ఫోల్డరును డిలీట్ చేయడానికి బదులు దాని పేరు చివర "పాత" అని చేర్చి వదిలేస్తాను. రెండు వారాలు ఎవరూ ఏడవకపోతే అప్పుడు తీస్తాను.

ఈ బుద్ధి నాకు ఊరికే రాలేదు. ఒకసారి సౌండ్ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటి తీసేశాను. మిగులు జాబితాలో అరవై డెబ్బై వరసలు వచ్చాయి. అప్పటికి అర్ధరాత్రి దాటింది, "సెలెక్ట్ ఆల్", "డిలీట్" నొక్కేసి పడుకున్నాను. పొద్దున చూస్తే ఏడాదిగా రికార్డు చేసిన గొంతులు లేవు. ఆ సాఫ్ట్‌వేర్ తన రికార్డింగులను మ్యూజిక్ ఫోల్డరులో కాకుండా, యాప్‌డేటా అనే దాచిన ఫోల్డరులో తన సెట్టింగుల పక్కనే దాచుకుంటోందని నాకు తెలియదు. తెలుసుకునే ప్రయత్నమూ చేయలేదు. అన్‌ఇన్‌స్టాలర్ తప్పేం లేదు, ఆ ఫోల్డరు నిజంగానే ఆ ప్రోగ్రామ్‌దే. గుడ్డెద్దు చేలో పడ్డట్టు పడింది నేనే. ఫైల్ రికవరీ సాఫ్ట్‌వేర్‌తో సగం తిరిగి వచ్చాయి, మిగతా సగం పోయాయి. గేమ్‌ల సేవ్ ఫైళ్లు, మెయిల్ సాఫ్ట్‌వేర్ దాచిన ఉత్తరాలు, నోట్స్ యాప్‌ల డేటాబేస్‌లు, చాట్ హిస్టరీ, ఇవన్నీ ఇలాంటి చోట్లే ఉంటాయి. అందుకే ఒక ఫోల్డరు సైజు వందల మెగాబైట్లుంటే, తెరిచి లోపల ఏముందో చూడకుండా తీయకండి. మీ సాఫ్ట్‌వేర్‌లో రీసైకిల్ బిన్‌కి పంపే ఆప్షన్ ఉంటే అదే పెట్టుకోండి.

డ్రైవర్ల సంగతి ఇంకా సున్నితం. సీడీ, డీవీడీ రాసే సాఫ్ట్‌వేర్లు, కీబోర్డ్ బటన్లను మార్చే సాఫ్ట్‌వేర్లు, కొన్ని బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు ఫిల్టర్ డ్రైవర్లు పెడతాయి. అంటే పరికరానికీ విండోస్‌కీ మధ్య కూర్చునే చిన్న డ్రైవర్. రిజిస్ట్రీలో "అప్పర్‌ఫిల్టర్స్", "లోయర్‌ఫిల్టర్స్" అనే విలువల్లో దాని పేరు రాసి ఉంటుంది. ఫైలు డిలీట్ అయి పేరు మాత్రం మిగిలితే, విండోస్ ఆ డ్రైవర్ కోసం వెతికి, దొరక్క, మొత్తం పరికరాన్నే ఆపేస్తుంది. డివైస్ మేనేజర్‌లో డీవీడీ డ్రైవ్ పక్కన పసుపు గుర్తు, కోడ్ 39 అని కనిపించడం ఈ రకమే. డ్రైవ్ బాగానే ఉంటుంది, మనం సగం తీసి వదిలేశాం. మొత్తంగా వదిలేసినా ఏమీ కాకపోయేది. కాబట్టి ప్రోగ్రామ్ ఫోల్డరును చేత్తో డిలీట్ చేసేసి "తీసేశాను" అనుకునే అలవాటు ఉంటే మానుకోండి.

యాంటీవైరస్‌లకు మామూలు అన్‌ఇన్‌స్టాలర్ సాఫ్ట్‌వేర్ వాడొద్దు. వైరస్‌లు తమను తీసేయకుండా అవి తమ చుట్టూ తామే కోట కట్టుకుంటాయి, ఆ కోట మీ అన్‌ఇన్‌స్టాలర్‌నీ అడ్డుకుంటుంది. మెకాఫీ, అవాస్ట్, ఈసెట్, కాస్పర్‌స్కీ లాంటి కంపెనీలన్నీ తమ యాంటీవైరస్‌ను పూర్తిగా తీయడానికి విడిగా ఉచిత టూల్ ఇస్తాయి. అదే వాడండి. తీసేశాక విండోస్ డిఫెండర్ దానంతటదే పనిలోకి వస్తుంది. గ్రాఫిక్స్ డ్రైవర్లకు డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అని ప్రత్యేకంగా ఒకటుంది, సేఫ్ మోడ్‌లో (విండోస్ అత్యవసరమైనవాటితో మాత్రమే మొదలయ్యే పద్ధతిలో) నడపాలి. మామూలుగా పాత డ్రైవర్ మీద కొత్తది వేస్తే పనిచేస్తున్నప్పుడు దాని జోలికే పోవద్దు. ఇక్కడే ఇంకోటి: "సేఫ్ మోడ్‌లో అయితే ఏదైనా పోతుంది" అని కొందరు సలహా ఇస్తుంటారు. ఎంఎస్ఐ రకం (విండోస్ సొంత ఇన్‌స్టాలర్‌తో వేసే) ప్రోగ్రాములకు అది పనిచేయదు, ఎందుకంటే వాటిని తీసే విండోస్ ఇన్‌స్టాలర్ సర్వీస్ సేఫ్ మోడ్‌లో మామూలుగా నడవనే నడవదు.

మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి వేసుకున్న యాప్‌ల గురించి దిగులే వద్దు. వాటి ఫైళ్లకూ డేటాకూ విండోస్ విడిగా గది కట్టి ఇస్తుంది, తీసేస్తే గదితో సహా పోతాయి.

జాబితాలో "మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్" (వేరే ప్రోగ్రాములు నడవడానికి కావలసిన ఉమ్మడి ఫైళ్లు) అని ఏడెనిమిది వరసలు చూసి, ఒకటి చాలు కదా, మిగతావి తీసేద్దామని చాలామందికి చెయ్యి దురద పెడుతుంది. 2008ది, 2010ది, 2013ది, 2015 నుంచి 2022 వరకు కలిపి ఉన్నది, ఇవి ఒకదానికి బదులు ఒకటి పనికిరావు. 64 బిట్ మిషన్‌లో కూడా 32 బిట్ ప్రోగ్రాములకు 32 బిట్‌దే కావాలి. ఏ ప్రోగ్రామ్ దేన్ని వాడుతోందో విండోస్ చెప్పదు. అన్నీ కలిపినా అవి తినే చోటు కొంచెమే, ఉండనివ్వండి. డాట్‌నెట్ రన్‌టైమ్‌లూ, ఎడ్జ్ వెబ్‌వ్యూ2 రన్‌టైమ్ కూడా అంతే. అలాగే సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డరు లోపల "ఇన్‌స్టాలర్" అని దాచిన ఫోల్డరు ఒకటుంటుంది. డిస్క్ నిండిపోయినప్పుడు దాని సైజు చూసి డిలీట్ చేసేవాళ్లున్నారు. ఎంఎస్ఐ ప్రోగ్రాములను తీయడానికీ, అప్‌డేట్ చేయడానికీ కావలసిన ఫైళ్లు అందులోనే ఉంటాయి. అది ఖాళీ చేశాక ఆ ప్రోగ్రాములు సరిగ్గా పోవు, సరిగ్గా అప్‌డేటూ అవ్వవు. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడం ఇదే.

చాలా అన్‌ఇన్‌స్టాలర్‌లతో పాటు "రిజిస్ట్రీ క్లీనర్" అనే బటన్ కూడా ఇస్తారు. అది నొక్కకండి. ఒక ప్రోగ్రామ్‌ను తీశాక దాని కీలు తుడవడం వేరు, మొత్తం రిజిస్ట్రీని గాలించి "847 తప్పులున్నాయి" అని భయపెట్టి తుడవడం వేరు. రిజిస్ట్రీ క్లీనర్ల వాడకాన్ని తాము సమర్థించమని మైక్రోసాఫ్టే తన సపోర్ట్ పేజీలో రాసింది. డిస్క్‌లో చోటే మీ బాధ అయితే ముందు విజ్‌ట్రీ నడపండి. అది ఫైళ్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టకుండా డిస్క్ సూచిక పట్టికనే నేరుగా చదువుతుంది కాబట్టి, ఏ ఫోల్డరు ఎంత తింటోందో క్షణాల్లో చూపిస్తుంది. నా అనుభవంలో చోటు తినేది డౌన్‌లోడ్స్ ఫోల్డరూ, పాత విండోస్ ఫోల్డరూ, వీడియోలూ. తీసేసిన ప్రోగ్రాముల మిగులు వీటి ముందు ఆవగింజంత.

సరే, మీ వీడియో కన్వర్టర్. వరసగా ఇలా చేయండి.

ముందు "ఇప్పటికే ఉంది" అన్న మాట. ఫైళ్లు పోయినా రిజిస్ట్రీలో దాని చీటీ మిగిలిందన్నమాట. మైక్రోసాఫ్ట్ సపోర్ట్ సైట్‌లో "ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ అండ్ అన్‌ఇన్‌స్టాల్ ట్రబుల్‌షూటర్" అని ఉచితంగా దొరుకుతుంది, సరిగ్గా ఈ జబ్బుకే ఇచ్చారు. దాన్ని నడిపి, "అన్‌ఇన్‌స్టాలింగ్" ఎంచుకుని, జాబితాలో మీ ప్రోగ్రామ్ ఉంటే చూపించండి. జాబితాలో లేకపోతే జీక్ తెరిచి, పేరు కనిపిస్తే రైట్ క్లిక్ చేసి ఫోర్స్ రిమూవల్ ఎంచుకోండి. సొంత అన్‌ఇన్‌స్టాలర్ చచ్చిపోయినప్పుడు మాత్రమే ఫోర్స్ వాడాలి. మీ విషయంలో అది చచ్చిపోయింది కాబట్టి పర్వాలేదు. చీటీ పోయాక ఇన్‌స్టాల్ అవుతుందో లేదో చూడండి. అవుతుంటే అదే వెర్షన్‌ను మళ్లీ వేసి, రీస్టార్ట్ చేసి, ఈసారి దాని సొంత అన్‌ఇన్‌స్టాలర్‌తో తీయండి. వద్దనుకున్నదాన్ని మళ్లీ వేయడం ఎదురు పనిలా ఉంటుంది గానీ, పోయిన చిట్టా తిరిగి వస్తుంది కాబట్టి చాలాసార్లు అదే శుభ్రమైన దారి.

తర్వాత ఆ రోజువారీ మెసేజ్. మైక్రోసాఫ్ట్‌దే ఆటోరన్స్ అనే చిన్న టూల్ ఉంది, సిస్‌ఇంటర్నల్స్ పేజీలో దొరుకుతుంది. అడ్మినిస్ట్రేటర్‌గా నడిపి, ఆప్షన్స్ మెనూలో "హైడ్ మైక్రోసాఫ్ట్ ఎంట్రీస్" పెట్టండి. అప్పుడు జాబితా సగానికి పైగా తగ్గుతుంది. మీ కన్వర్టర్ కంపెనీ పేరున్న వరసలు లాగాన్, షెడ్యూల్డ్ టాస్క్స్, సర్వీసెస్ ట్యాబులలో వెతకండి. దొరికితే డిలీట్ చేయకుండా టిక్కు మాత్రం తీయండి. టిక్కు తీస్తే ఆగుతుంది, మళ్లీ పెడితే తిరిగి వస్తుంది, ఇంతకన్నా భద్రమైన ప్రయోగం లేదు. పసుపు రంగులో కనిపించే వరసలు, ఫైలు లేని ఎంట్రీలు. అవి పనేమీ చేయలేవు, మెసేజ్ చూపించేది మీకు పసుపులో కనిపించదు. సర్వీస్ అయితే దాని అసలు పేరు రాసి ఉంచుకోండి. సర్వీసెస్ విండోలో కనిపించే పేరూ, అసలు పేరూ ఒక్కోసారి వేరుగా ఉంటాయి.

చివరగా ఫోల్డర్లు. ప్రోగ్రామ్ ఫైల్స్, ప్రోగ్రామ్ ఫైల్స్ ఎక్స్86, ప్రోగ్రామ్‌డేటా, యాప్‌డేటా, ఈ నాలుగు చోట్ల చూస్తే చాలు. చివరి రెండూ దాచిన ఫోల్డర్లు. విండోస్ కీతో పాటు ఆర్ నొక్కి, యాప్‌డేటా అన్న మాటకు అటూ ఇటూ శాతం గుర్తు పెట్టి ఇంగ్లీషులో టైప్ చేస్తే రోమింగ్ తెరుచుకుంటుంది. ఒక మెట్టు పైకెళ్తే లోకల్ (Local), లోకల్‌లో (LocalLow) అనే ఫోల్డర్లు కూడా ఉంటాయి. మీరు మార్చుకున్న వీడియోలు లోపల ఏమైనా ఉన్నాయేమో చూసి తీసేయండి.

ఇంకొకరు ఇక్కడే మ్యాక్ గురించి అడిగారు. అక్కడ యాప్‌ను ట్రాష్‌లో వేస్తే యాప్ పోతుంది, యూజర్ లైబ్రరీలో దాని సామాన్లు ఉంటాయి. యాప్‌క్లీనర్ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్‌లోకి యాప్‌ను లాగి వేస్తే ఆ ఫైళ్లన్నీ చూపిస్తుంది. యాప్‌ను ట్రాష్‌లో వేయకముందే లాగాలి. సొంత అన్‌ఇన్‌స్టాలర్ ఇచ్చిన యాప్‌లకు అక్కడా అదే మొదట. ఉబుంటు వాడేవాళ్లకు "రిమూవ్" బదులు "పర్జ్" అంటే సిస్టమ్ సెట్టింగుల ఫైళ్లూ పోతాయి, హోమ్ ఫోల్డరులోవి మాత్రం అప్పటికీ ఉంటాయి.

ఆటోరన్స్‌లో టిక్కు తీశాక, ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి. మెసేజ్ అప్పటికీ వస్తే, అది తెరిచి ఉండగానే టాస్క్ మేనేజర్‌లో దాని మీద రైట్ క్లిక్ చేసి "ఓపెన్ ఫైల్ లొకేషన్" నొక్కండి. ఏ ఫోల్డరు తెరుచుకుందో ఆ దారి మొత్తం ఇక్కడ రాయండి, అది చూసి మిగతాది చెప్తాను.